ముక్కుదొర నాలుగో గ్లాసు

చనిపోయిన మనిషి తన ముందు పెట్టిన ప్రతి గ్లాసునీ ముక్కు దగ్గర పెట్టుకుని నింపాదిగా వాసన చూశాడు. చూసి, నవ్వి, తాగాడు. డిటెక్టివ్‌కి మింగుడు పడనిది ఆ ఒక్కటే.

భోజనాల గది నిన్నటి విందు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. బల్ల మధ్యలో నాలుగు సీసాలు. ఒక్కోదానికి అడుగు నుంచి మెడదాకా నల్లగుడ్డ తొడుగు, మెడకి అంకె వేసిన చిన్న అట్టముక్క. నాలుగు కుర్చీల్లో ఒకటి వెల్లకిలా పడి ఉంది. దాన్ని ఎవరూ లేవనెత్తలేదు.

ఆ కుర్చీ ఇంటాయనది. ఆయన బర్బన్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. మొక్కజొన్నతో కాచిన విస్కీని లోపల కాల్చిన చెక్కపీపాల్లో ఏళ్ళ తరబడి నిలవ ఉంచితే బర్బన్ అవుతుంది. ఏ పీపా సరుకు ఏ పీపాతో కలపాలో వాసన పట్టి చెప్పడమే ఆయన పని. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడని అందరూ ముక్కుదొర అనేవాళ్ళు. ఏడాదికోసారి ఇంట్లో విందు పెట్టి, సీసాలకి తొడుగులు వేయించి, ఏది ఏదో ఎవరికీ తెలియకుండా రుచి చూపించేవాడు. అతిథులు తప్పులు చెప్పేవాళ్ళు. ఆయన ఒక్కటీ తప్పు చెప్పేవాడు కాదు.

"చూడ్డం అయిందా మేడమ్?" గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

పక్కన కానిస్టేబుల్ ఉంటే అతను సొంత అక్కని మేడమ్ అంటాడు. ఆమె కూడా ఆ మర్యాద తిరిగి ఇచ్చేస్తుంది.

"ఇప్పుడేగా తలుపు తీయించారు ఇన్‌స్పెక్టర్‌గారూ."

"పొద్దు వాలేదాకా చూడండి. తర్వాత ఇంటాయన బావమరిదిని స్టేషన్‌కి తీసుకెళ్ళిపోతాను." కానిస్టేబుల్‌ని హాల్లోకి పంపి, తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "ఎందుకక్కా నీకిది? పోలీసు ఉద్యోగం నువ్వు వదిలేశావు గానీ, నా వెనకాల తిరగడం మాత్రం వదల్లేదు."

"నీ వెనకాల కాదురా. ఈ ఇంటావిడ పిలిస్తే వచ్చాను. 'నా తమ్ముడు ఆ పని చెయ్యడు, ఎలాగైనా వాణ్ణి బయట పడెయ్యి' అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది."

"ఏ అక్క అయినా అదే అంటుంది. నేను రేపు ఎవడినైనా పొడిచినా నువ్వూ అంటావు."

"అనను."

అతను నవ్వబోయి మానేశాడు. "కేసు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది. దాన్ని మళ్ళీ తొక్కలో పెట్టి కుట్టాలని చూడకు. ప్రాణం తీసిన విషపు మందు ఇంటాయన నాలుగు గ్లాసుల్లోనే ఉంది. మిగతా వాళ్ళ గ్లాసుల్లో లేదు. సీసాల్లో లేదు. ఇవిగో, ఈ నీళ్ళబుడ్లు కూడా పరీక్ష చేయించి తెచ్చి యథాస్థానంలో పెట్టాం. మంచినీళ్ళే. అందరి గ్లాసుల్లోనూ పోసింది ఒక్కడే, ఆ బావమరిది. పైగా కారణం కూడా ఉంది. కంపెనీలో ఒక పెద్ద సరుకు పాడైంది. దానికి బాధ్యుడెవరో విందు చివర్లో చెప్తానన్నాడు ముక్కుదొర. ఎవరి పేరు చెప్పబోయాడో తెలుసా? ఆయన కింద పనిచేసే ఈ బావమరిది పేరే. ఆ మాట బయటికొస్తే వాణ్ణి ఈ వృత్తిలో ఎవడూ గడప తొక్కనివ్వడు."

"మందు ఏమిటి?"

"తోటలో పురుగులకి కొట్టేది. వెనక గదిలో డబ్బా ఉంది. చుక్కలు చాలట మనిషిని తీసుకుపోవడానికి."

"వాసన?"

"అబ్బో. ల్యాబులో కుర్రాడు మూత తీసి, మళ్ళీ పెట్టి, బయటికెళ్ళి కూర్చున్నాడు."

"మరి అంత కంపు కొట్టేదాన్ని ముక్కుదొర నాలుగుసార్లు వాసన చూసి ఎలా తాగాడ్రా?"

ఇన్‌స్పెక్టర్ తలుపు తీశాడు. "ఆ సంగతి బావమరిదినే అడుగు," అని విసురుగా వెళ్ళిపోయాడు.

ఆమె బల్ల దగ్గరికి వంగింది. తాగేవాళ్ళు ముగ్గురు: ఇంటాయన, బావమరిది, కంపెనీ యజమాని. ఇంటావిడ ముట్టదు. ముగ్గురి చోట్లలోనూ కంట్లో మందు వేసుకునేందుకు వాడేలాంటి డ్రాపర్ మూతతో చిన్న గాజుబుడ్డి ఉంది. గ్లాసులో రెండు మూడు చుక్కల నీళ్ళు వేస్తే బర్బన్ వాసన విచ్చుకుంటుందట. యజమాని బుడ్డి సగానికి దిగింది. బావమరిదిది ఇంకొంచెం తక్కువ దిగింది.

ఇంటాయన బుడ్డి మెడదాకా నిండుగా ఉంది.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు. తర్వాత మొదటి సీసా ఎత్తి, అడుగున తొడుగు అంచు చుట్టూ బొటనవేలు పోనిచ్చింది. మడతలో దారం ముడి ఒకటి గట్టిగా తగిలింది. రెండో సీసా అంచున రెండు ముడులు. మూడో దానికి ముడి లేదు. నాలుగోదానికి మూడు. కుట్టు ఎంత నాజూగ్గా ఉందంటే కంటికి ఏమీ కనిపించదు. వేలికి మాత్రమే తెలుస్తుంది.

సీసా యథాస్థానంలో పెట్టింది. ఇంటి గుట్టు తవ్వాల్సిన కేసు కాకూడదని పొద్దున్నే అనుకుంది. అవుతున్నట్టే ఉంది.

*

కంపెనీ యజమాని హాల్లో సోఫా అంచున కూర్చున్నాడు. నిన్నటి చొక్కాయే వేసుకుని ఉన్నాడు.

"సీసాల్లోంచి ఎప్పుడూ ఎవరు పోసేవారండీ?" అని అడిగింది.

"ఆయనే. సీసా అడుగున చెయ్యి వేసి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి పోసేవాడు. ఈసారి నేనే వద్దన్నాను."

"ఎందుకని?"

యజమాని ముందుకి వంగాడు. "పాడైన సరుకు ఆయన కలిపిందే. నేను కూడా రుచి చూశాను. పచ్చిచెక్క వాసన ఇంత దూరం నుంచి కొడుతోంది. ఈ మనిషి దాన్ని ఎలా బాగుందన్నాడా అని అప్పట్నించీ మనసులో పీకుతూనే ఉంది. అందుకే నిన్న నవ్వుతూనే అన్నాను, 'ఈసారి మీరు సీసా ముట్టుకోకూడదు, మీ బావమరిది పోస్తాడు' అని. ఆయన మొహం పాలిపోయింది. వాళ్ళావిడ వైపు చూశాడు."

"ఎన్ని సరిగ్గా చెప్పాడు?"

"మూడు చెప్పాడు. మూడూ తప్పే. నాలుగోది తాగి, చెప్పకముందే పడిపోయాడు." ఆయన చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. "ఇరవై ఏళ్ళ స్నేహమండీ. నేను పరీక్ష పెట్టకుండా, పక్కకి పిలిచి 'ఏమయ్యా, ఒంట్లో బాగుందా?' అని ఒక్కమాట అడిగుంటే సరిపోయేది."

"మీకేమీ వాసన రాలేదా?"

"వచ్చింది. మందు వాసనలా ఏదో వస్తోందన్నాను. అప్పుడు వాళ్ళావిడే లేచి, తోటలో గులాబీలకి పొద్దున మందు కొట్టించామని చెప్పి కిటికీ మూసింది. ఆయన పడిపోయి, లేవదీయబోయినప్పుడు గానీ ఆ వాసన గ్లాసులోంచి అని నాకు అర్థం కాలేదు. ఆయన గ్లాసులు నాలుగూ ఆ బీరువాలో పెట్టి తాళం జేబులో వేసుకున్నాను. కుర్రాడు ఆయన్ని భుజాన వేసుకుని కారు దాకా పరిగెత్తాడు. నేను కారు నడిపాను. ఆస్పత్రిలో కూడా వాడు ఆయన చెయ్యి వదల్లేదు. పోలీసులు వచ్చి విడదీశారు."

"ఇంటావిడ మీతో రాలేదా?"

"తలుపులు వేసి వెనకాల వస్తానంది. వచ్చింది."

డిటెక్టివ్ లేచింది. వరండాలోకి వెళ్ళి కిటికీ కింద గులాబీ మొక్కల దగ్గర కూర్చుంది. మొగ్గల నిండా పేనుబంక. లేత చిగుళ్ళ మీద చీమలు బారులు తీరి తిరుగుతున్నాయి. వాటికి మందు కొట్టి ఎన్నో వారాలైనట్టుంది.

*

బావమరిదిని పక్కగదిలో కూర్చోబెట్టారు. ముప్పై దాటిన మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"మీ బావ నీ పేరు చెప్పబోతున్నాడని తెలుసా?"

"తెలుసండీ. అక్క ముందురోజే చెప్పి ఏడ్చింది. నేనే ఊరుకోబెట్టాను. బావ చెప్పాడంటే తప్పు నాదే అయ్యుంటుందిలే అన్నాను."

"నీదేనా?"

"ఏమోనండీ. పీపాలు ఎంచింది ఆయనే. నాకు పచ్చివాసన వస్తోందని చెప్పాను కూడా. 'నా ముక్కుకి రానిది నీ ముక్కుకి వచ్చిందిట్రా' అని తిట్టాడు. ఆయన ముక్కు ముందు నేనెంత? నాకు ఈ పని నేర్పింది ఆయనే. నాన్న పోయాక అక్కా ఆయనా పెంచారు నన్ను."

"మీ బావకి జ్వరం ఏమన్నా వచ్చిందా ఈమధ్య?"

అతను ఆశ్చర్యపోయాడు. "రెండేళ్ళ కిందట గట్టిగా వచ్చిందండీ. నెలరోజులు మంచం దిగలేదు."

"ఆ తర్వాత మనిషిలో తేడా ఏమైనా?"

"ఏం లేదు. కాస్త పరధ్యానం. ఒకరోజు నేను వచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కంపు. బావ ఆ పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. 'ఏంటి బావా ఇది' అంటే ఉలిక్కిపడ్డాడు. ఆ రోజు అక్క పరిగెత్తుకొచ్చి, తనే మర్చిపోయానని తిట్టుకుంది."

"ఈ తొడుగులు కుట్టేది ఎవరు?"

"అక్కేనండీ. రెండేళ్ళుగా అక్కే కుడుతోంది. అంతకుముందు కాగితం చుట్టేవాళ్ళం. సీసాలకి తొడిగేటప్పుడు వంటింట్లోకి పిల్లిని కూడా రానివ్వదు." అతను ఆగి, దీనంగా చూశాడు. "అక్క ఏమన్నా తిందాండీ? పొద్దున్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదంటున్నారు."

ఆమె లేచి భోజనాల గది వైపు నడిచింది.

*

భోజనాల గదిలో తలుపు వేసి ఆమె తమ్ముడితో మెల్లగా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని విన్నాడు. వినడం అతనికి ఇష్టం లేదని దవడ చెబుతూనే ఉంది.

"ముక్కుదొరకి రెండేళ్ళుగా వాసన తెలీదు. జ్వరంలో పోయింది. తొడుగు అంచు పట్టుకుని చూడు."

అతను ఒక్కో సీసా ఎత్తి తడిమాడు. మూడోదానికి వచ్చేసరికి మొహం మారింది.

"ముడుల్ని బట్టి చెప్పేవాడు," అంది. "నిన్న సీసా ముట్టుకోనివ్వలేదు కాబట్టి మూడూ తప్పాయి. ఇప్పుడు చెప్పు. బావ ముక్కు మీద ఈగ వాలినా దాని వాసన చెప్పగలడని నమ్మే కుర్రాడు, కంపు కొట్టే మందు ఆయన గ్లాసులో కలుపుతాడా? చంపాలనుకున్నవాడికి అంతకన్నా తెలివితక్కువ పని ఉంటుందా?"

"కంగార్లో..."

"సరే. నీళ్ళబుడ్డి చూడు. ఇంటాయనకి గ్లాసు గ్లాసుకీ నీళ్ళచుక్కలు పడాలి. మిగతా రెండూ దిగాయి. ఆయనది మాత్రం మెడదాకా ఉంది."

"అందులో మంచినీళ్ళేనక్కా. పరీక్ష చేశాం."

"మంచినీళ్ళే. కడిగి కొత్తగా పోసిన మంచినీళ్ళు. ఎంత దిగి ఉండాలో ఆలోచించే తీరిక లేక నిండా పోసేశారు. మందు కలిపింది గ్లాసుల్లో కాదు, ఆ బుడ్డిలో. ఆయన చేత్తో ఆయనే నాలుగు గ్లాసుల్లోనూ వేసుకున్నాడు. ఆయన పడిపోయాక ఈ కుర్రాడు ఆయన్ని మోసుకెళ్ళాడు. మళ్ళీ ఈ గదిలోకి రాలేదు. యజమాని కూడా రాలేదు."

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ గులాబీలు ఉన్నాయి.

"నిన్ను పిలిచింది ఆవిడేగా," అన్నాడు చివరికి.

"అవునురా."

"చేసిన మనిషి నిన్నెందుకు పిలుస్తుంది? నీ సంగతి తెలియకనా?"

"తెలిసే పిలిచింది. ఆ కుర్రాణ్ణి ముందు వదిలెయ్యి. బుడ్డి సంగతి మాత్రం ఎవరితోనూ అనకు. నేను వంటింట్లోకి వెళ్తాను. కాసేపు ఎవర్నీ రానివ్వకు."

"చట్టప్రకారం నేనూ ఉండాలి."

"గుమ్మం బయట ఉండు. నీకు చెవులున్నాయిగా. చిన్నప్పుడు వాటితోనే కదా నా మీద నాన్నకి చాడీలు చెప్పేవాడివి."

*

ఇంటావిడ పొయ్యి మీద పాలు పెట్టి, పక్కన పీట మీద కూర్చుంది. డిటెక్టివ్‌ని చూసి లేవబోయింది.

"మా వాణ్ణి వదిలారా అమ్మాయీ?"

"వదిలేశారండీ."

ఆవిడ మొహం ఒక్కసారి విచ్చుకుంది. విచ్చుకుని, మెల్లగా వాడింది. "అయితే నీకు అంతా తెలిసిందన్నమాట. కూర్చో. పాలు కాగాయంటే వాడికి ఇన్ని ఇచ్చేస్తాను. నిన్నటి నుంచీ ఏమీ తినలేదుట."

డిటెక్టివ్ నేల మీదే కూర్చుంది. గొంతు బాగా తగ్గించి అడిగింది. "ఆ బుడ్డి మరీ నిండా పోశారు."

"చేతులు వణికాయి."

"కిటికీ మూసి గులాబీల మాట చెప్పారు. వాటికి మందు కొట్టి చాలా రోజులైంది."

"అబద్ధం ఆడ్డం అలవాటైపోతే మనిషి ఎదురుగా కనపడే మొక్కని కూడా చూసుకోదు." ఆవిడ కొంగు అంచు వేళ్ళ మధ్య నలుపుతోంది. తెలియకుండానే ముడి వేస్తోంది, విప్పుతోంది. "మొదటి ముడి నేనే వేశాను. ఆయన అడగలేదు. జ్వరం తగ్గాక ఒకరోజు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నా ముక్కు పోయిందని తెలిస్తే నేను పోయినట్టే అన్నాడు. ఆ ఏడు విందు ఎలా గడుస్తుందా అని నిద్ర పట్టక, కూర్చుని తొడుగులు కుట్టాను. చేతికి ఇచ్చి అంచు తడిమించాను. అప్పుడు నా చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. అదేదో పుణ్యం అనుకున్నాను."

"చెప్పెయ్యమని ఎప్పుడూ అనలేదా?"

"మొన్న అన్నాను. నీ తప్పు పసివాడి మీద వెయ్యకు, నా మొహం చూసైనా చెప్పెయ్యి అని బతిమాలాను. వినలేదు. వాడు కుర్రాడు, ఎక్కడైనా బతుకుతాడు, నేనెక్కడ బతుకుతానన్నాడు. వాడికి ఈ పని తప్ప ఇంకేం వచ్చు? నా చేతుల్లో పెరిగినవాడు." ఆవిడ తల ఎత్తింది. "నీకూ తమ్ముడున్నాడుగా."

డిటెక్టివ్ గుమ్మం వైపు చూడలేదు.

"మొదటి గ్లాసు ఎత్తినప్పుడు దేవుడా, ఈ ఒక్కసారి ఈయనకి వాసన తగలనీ, ఛీ అని విసిరికొట్టనీ అనుకున్నాను. నిజం చెబుతున్నాను అమ్మాయీ. తగిలితే బాగుండునని అంతసేపూ చూశాను. ఆయన పీల్చి, నాకేసి నవ్వి, వెనిల్లా వాసన వస్తోందన్నాడు." ఆవిడ కొంగు ముడి బిగించింది. "రెండోది ఎత్తినప్పుడు లేచి చెయ్యి పట్టుకోవాల్సింది. లేవలేదు. కిటికీ మూశాను. వాడు పోస్తాడని, వాడి మీదికే వస్తుందని తట్టనేలేదు నాకు. పోసేది ఎప్పుడూ ఆయనే కదా. మందు పెట్టింది నేనే, వాణ్ణి కాపాడుకుందామని పెట్టింది..."

అడుగుల చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టర్ "ఆగు, ఆగవయ్యా" అంటున్నాడు. అతన్ని నెట్టుకుంటూ బావమరిది లోపలికి వచ్చాడు. ఆ ఆఖరి మాట విన్నాడని మొహమే చెబుతోంది.

"అక్క కాదు! నేనే! నేనే పెట్టానండీ మందు. నా పేరు చెబుతాడని తెలిసి పెట్టాను. రాసుకోండి. అక్కకి మతి చలించింది."

"నోరు ముయ్యరా," అంది ఇంటావిడ.

"నువ్వు ముయ్యి! సంకెళ్ళు వెయ్యండి సార్. పొద్దున్నించీ మీరు అంటున్నది నిజమే. నేనే."

ఇన్‌స్పెక్టర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. వెనకాల కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. అయినా సరే, "అక్కా," అన్నాడు. "ఏం చెయ్యను?"

డిటెక్టివ్ లేచి నిలబడింది. అడగాల్సింది ఒక్క ప్రశ్నే. అది అడిగితే ఒకరు బయటపడతారు, ఇంకొకరు పడరు. అడక్కుండా ఉండే దారి కోసం ఆమె మనసు నాలుగు మూలలూ వెతికింది.

"మందు దేనిలో పెట్టావు బాబూ?"

"గ్లాసుల్లో," అన్నాడు అతను వెంటనే. "నాలుగు గ్లాసుల్లోనూ. పోసేటప్పుడు."

ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు.

ఇంటావిడ తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి వేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఏదో సంతోషం లాంటిది మొహంలో ఉంది. "వీడికి అబద్ధం ఆడ్డం రాదమ్మా," అంది. "ఈ ఇంట్లో వీడొక్కడికే రాలేదు."

అతనికి తను చేసిన తప్పేమిటో ఇంకా అర్థం కాలేదు. "గ్లాసుల్లోనే సార్, ఒట్టు," అంటూనే ఉన్నాడు.

పొయ్యి మీద పాలు పొంగి మంటలోకి కారాయి. కమురు వాసన గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి తగిలింది. ఎవరూ కదల్లేదు.